పది మీటర్లకు బెత్తెడు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుండగా మా ఆయన ఫోన్ చేశాడు. “మామ పోయినాడు. నిద్రలోనే అంట. నువ్వు మెల్లగా రా, తొందరపడి బండి తోలొద్దు” అన్నాడు. పిల్లలు ఏడో ఎక్కం దగ్గర ఆగి నా మొహం వైపు చూశారు. చెప్పమన్నాను. వాళ్లు చివరిదాకా చెప్పారు. అప్పుడు లేచి సంచి తీసుకున్నాను.

మామ నాకు చుట్టం కాదు. కల్లూరులో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాక, ఇంటి పక్క జాగాలో రేకుల షెడ్డు వేసుకుని బండ్ల లైట్లు సరిచేసేవాడు. మీలో ఆ దారిన తిరిగేవాళ్లకు ఆ షెడ్డు ఎదుటి తెల్లగోడ, దాని మీద సుద్దగీతలు గుర్తుండే ఉంటాయి. సుద్దముక్కలు మా బడివే. చేత్తో పట్టుకోలేనంత చిన్నవైపోయాక నేను సంచిలో వేసుకొచ్చి ఇచ్చేదాన్ని.

ఏ బండి వచ్చినా ముందు తడిగుడ్డతో లైటు అద్దం తుడిచేవాడు. టైర్లలో గాలి చూసేవాడు. తర్వాత, “ఎనక ఎవరు కూచుంటారు? ఏం బరువేస్తావు?” అని అడిగేవాడు. లైటు బాగుచేయమంటే ఈ ప్రశ్నలేమిటని కొత్తవాళ్లు విసుక్కునేవారు. ఆయన పట్టించుకోకుండా గోడకు పది మీటర్ల దూరంలో బండిని నిలబెట్టించి, లైటు ఎత్తు కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో ఒక గీత, దానికి బెత్తెడు కింద ఇంకొక గీత గీసేవాడు. డిమ్ము వేస్తే వెలుగు పైఅంచు కింది గీత మీద ఆగాలి. అంతవరకు వదిలేవాడు కాదు.

నాకు ఆ బెత్తెడు విలువ తెలిసింది మూడేళ్ల కిందట. బడి నుంచి స్కూటీ మీద వస్తున్నాను, అప్పుడే మసక పడుతోంది. ఎదురుగా ఒక మినీ లారీ వచ్చింది. కళ్లలో తెల్లగా వెలుగు నిండిపోయి రోడ్డు అంచు కనిపించలేదు. పక్కనున్న కాలవలో పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. లారీ డ్రైవర్ పారిపోలేదు. తనే నన్ను పైకి లేపి ఆటో ఎక్కించాడు. “డిమ్ములోనే ఉండాది మేడం, నా పిల్లల మీద ఒట్టు” అని ఏడ్చినంత పని చేశాడు.

చూడవచ్చిన వాళ్లంతా ఆ మాట నమ్మకుండా డ్రైవర్లను తిట్టారు. మామ మాత్రం మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, “బండిలో లోడుండెనా టీచరమ్మా?” అని అడిగాడు.

“ఉల్లిగడ్డలు మామా. బస్తాలు పైకి కనపడినాయి.”

“అయితే వాడు చెప్పింది నిజమే” అని లేచి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు ఆ లారీ యజమానిని వెతుక్కుంటూ మార్కెట్‌కు పోయాడు. ఆయన పెద్ద ఉల్లిగడ్డల వ్యాపారి. “ఏం పెద్దాయనా, కేసు పెడతామని వచ్చినావా?” అన్నాడట. “కాదప్పా, నీ బండి లైటు చూడల్ల” అన్నాడట మామ. వ్యాపారి నవ్వి పంపేశాడు. రెండో రోజు పోతే గుమాస్తా పంపేశాడు. మూడో రోజు గోదాము మెట్ల మీద పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. ఆరోగ్యం బాగలేని మనిషి, అప్పటికే గుండెకు మాత్రలు మింగుతున్నాడు. ఆయన ఇల్లాలు, మా అందరికీ అత్త, నాతో మొత్తుకుంది, “నువ్వన్నా చెప్పమ్మా, నా మాట యాడ ఇంటాడు!” అని.

నాలుగో సాయంత్రం వ్యాపారే దిగివచ్చాడు. “కానీ, చూపించు. నా తప్పుంటే అప్పుడు మాట్లాడదాం.” మామ నన్ను కూడా రమ్మన్నాడు. చేతికి పిండికట్టుతో పోయాను.

గోదాము గోడకు పది మీటర్ల దూరంలో ఖాళీ లారీని నిలబెట్టించి, గోడ మీద రెండు గీతలు గీసి, మామ డిమ్ము వేయించాడు. వెలుగు సరిగ్గా కింది గీత మీద ఆగింది. “చూస్తివా! నా బండి లైటు నిక్షేపంగా ఉండాది” అన్నాడు వ్యాపారి.

“ఉండాది. ఇప్పుడు గడ్డలెక్కించు” అన్నాడు మామ.

హమాలీలు బస్తాలు మోశారు. వెనక భాగం కుంగేకొద్దీ ముందు భాగం లేచింది. వెలుగు గోడ మీద పాకుతూ పోయింది. కింది గీత దాటింది, పై గీత దాటింది. లోడు నిండేసరికి పై గీతకు జానెడు పైన నిలిచింది. మామ ఒక స్టూలు తెప్పించి లారీకి ఎదురుగా వేయించాడు. “ఈడ కూచో అప్పా. టీచరమ్మ స్కూటీ మీద ఈ ఎత్తులోనే ఉంటాది.”

వ్యాపారి కూర్చున్నాడు. వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లేచాక నా పిండికట్టు వైపు మొదటిసారి చూశాడు. “శానా తప్పయిపోయింది తల్లీ” అన్నాడు.

మామ అప్పుడు డ్రైవర్‌ను పిలిచి స్టీరింగ్ పక్కనున్న చిన్న చక్రం చూపించాడు. సున్నా నుంచి మూడు దాకా అంకెలున్నాయి. “ఇదేందో తెలుసునా?”

“మూడేండ్లుగా నడుపుతాండా, తెల్దు. లోపలి దీపానికనుకుంటి.”

“లోడెక్కినాక తిప్పు.”

తిప్పాడు. గోడ మీద వెలుగు ఒక్కో అంకెకు ఒక్కో మెట్టు దిగింది. హమాలీలు కూడా పని ఆపి చూశారు. ఇంత చిన్న చక్రం ఎవరూ తిప్పకపోబట్టే నా చెయ్యి విరిగింది.

మామ అక్కడితో ఆగలేదు. “ఒక్క బండితో ఏమయితాది?” అన్నాడు. నా కట్టు విప్పాక నాతో అర్జీ రాయించాడు. లోడు బండ్లు మార్కెట్ దాటే ముందు లైటు ఎత్తు చూడాలని, అందుకు గేటు పక్క గోడ మీద గీతలు కావాలని. ఎన్ని గడపలు తొక్కాడో లెక్క లేదు. పోయిన ప్రతిసారీ ఉతికిన చొక్కా వేసుకునేవాడు. చివరికి ఆ వ్యాపారే మార్కెట్‌లో మిగతా వ్యాపారులను ఒప్పించాడు. గేటు పక్క గోడ మీద రంగుతో గీతలు పడ్డాయి. రవాణా అధికారి ఒకాయన వచ్చి, స్టూలు మీద కూర్చుని చూసి, గేటు దగ్గర లైటు సరిచూశాకే లోడు బండ్లను పంపమన్నాడు.

కళ్లు చెదిరే తెల్లలైట్లు బిగించమని వచ్చేవాళ్లను మాత్రం మామ తిప్పి పంపేవాడు. ఒకసారి రాజంపేట నుంచి వచ్చిన అరటికాయల లారీ డ్రైవర్ వాదనకు దిగాడు. “ఎదుటోడు ఏసుకుంటే నేను ఏసుకోగూడదా?” మామ అతని భుజం మీద చెయ్యి వేసి, “ఎవరో ఒకరు ముందు దించల్ల కదప్పా. అది నువ్వే ఎందుకు కాగూడదు?” అన్నాడు. ఆ మాట నేను బడిలో పిల్లల తగవులు తీర్చేటప్పుడు ఎన్నిసార్లు వాడానో! ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

దినాలు అయిపోయిన మరుసటి సాయంత్రం అత్తకు అన్నం తీసుకుపోయాను. షెడ్డు ముందు ఒక వ్యాన్ ఆగి ఉంది. డ్రైవర్‌కు విషయం తెలియదు. చెప్పగానే తలగుడ్డ తీసి, బండి దిక్కు వెనక్కి తిరిగాడు.

“యాడికి పోతాండావు?” లోపలి నుంచి అత్త గొంతు. బయటకొచ్చి కొంగు నడుముకు దోపుకుంది. “బండి ఆ గోడ దిక్కు తిప్పు. ఇన్నేండ్లు ఆ అరుగు మీద కూచోని చూస్తానే ఉండా. నాకూ వచ్చు.”

అతను వ్యాన్‌ను తిప్పి నిలబెట్టాడు. అత్త స్క్రూడ్రైవర్ తీసుకుని వంగింది. “ఒక్కో లైటు చూడల్ల. నువ్వు ఆ పక్కదానికి చెయ్యి అడ్డం పెట్టు టీచరమ్మా” అంది. పెట్టాను. అద్దం వేడి అరచేతికి తగిలింది. వేళ్ల సందుల్లో నుంచి వెలుగు ఎర్రగా కారుతోంది. అత్త గోడ మీదే చూపు నిలిపి, స్క్రూను రవ్వంత రవ్వంత తిప్పుతూనే ఉంది.