వెనక సీట్లో టిక్కీ

మా నాన్న అంబులెన్సు ఎక్కనన్నాడు.

"అది ఎక్కితే మన పేటలో సగంమంది నేను పోయాననుకుంటారు. మిగతా సగంమంది ఇంకా పోలేదేందా అనుకుంటారు. నీ కారుందిగా అమ్మాయ్, దాంట్లోనే తీసకపో" అన్నాడు.

అప్పటికే ఆయన కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. రోజు విడిచి రోజు డయాలసిస్ చేయించాలి. మేముండే అద్దంకికి ఒంగోలే దగ్గర. కానీ నాన్నకు గుంటూరు మీద గురి. వయసులో ఉన్నంతకాలం అక్కడి మిర్చి యార్డులో హమాలీగా టిక్కీలు మోశాడు. టిక్కీ అంటే మిరపకాయలు కూరి, కాళ్ళతో తొక్కి, మూతి కుట్టిన గోనెబస్తా. ఆ మోతతోనే నన్ను చదివించాడు. అన్నం పెట్టిన ఊరు తనను అంత తేలిగ్గా పోనివ్వదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని కాదనే ధైర్యం నాకు లేకపోయింది.

నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు, కారు కొనుక్కున్నాను. అమ్మ బతికున్న రోజుల్లో ఆదివారం ప్రార్థనయ్యాక గుడి దగ్గర ఎవరైనా నా పెళ్ళి సంగతి ఎత్తితే, "అది ఆ కారుకే మనువైంది" అని నవ్వేది. ఆ మాట నిజమే. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన స్పోర్ట్ సెడాన్ అది. పండుమిరప రంగు. నేలకు కరుచుకుని ఉండేది. పెద్ద చక్రాలు, వాటికి పట్టీల్లాంటి పల్చటి టైర్లు, రాయిలాంటి షాక్ అబ్జార్బర్లు. మలుపులో ఎంత వేగంగా తిప్పినా ఒరిగేది కాదు. రోడ్డు మీద గులకరాయి ఉంటే అది నా నడుముకు తెలిసేది. అలా తెలియడమే నాకిష్టం. కారంటే కారులా ఉండాలి గానీ పరుపులా ఉండకూడదని వాదించేదాన్ని.

ఆ వాదన నాన్నను ఎక్కించుకున్న మొదటి రోజే పోయింది.

డయాలసిస్ అయ్యాక మనిషిని పిండి ఆరేసినట్టు ఉండేది. డయాలసిస్ సూదులకోసం ఎడమ చేతికి కుట్లేసి నరం కలిపారు. ఆ చేతిని ఒళ్ళో చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టుకుని, వెనక సీట్లో ఎడమవైపు కూర్చునేవాడు. ప్రతి గుంతకీ, ప్రతి వంతెన అతుకుకీ "అబ్బ" అనేవాడు. గట్టిగా కాదు, గొంతులోంచి. జీవితమంతా వీపు మీద బస్తాలు మోసినప్పుడు ఆ మాట ఆయన నోటివెంట నేను వినలేదు. ఇప్పుడు మెత్తటి తోలు సీట్లో కూర్చుని అంటుంటే నా ప్రాణం విలవిల్లాడేది. చిలకలూరిపేట దాటి, మార్టూరు దాటి, మేదరమెట్ల దగ్గర మలుపు తిరిగి ఇల్లు చేరేలోపు ఆ రోడ్డంతా నాకు ఆయన మూలుగులతోనే గుర్తుండిపోయింది. ఫలానా చోట చిన్న "అబ్బ", ఫలానా వంతెన దగ్గర పెద్ద "అబ్బ".

కారు మార్చేద్దామన్నాను. నాన్న ఒప్పుకోలేదు.

"ఈ కారు నువ్వు ముచ్చటపడి కొనుక్కుంది. నేను నాలుగు రోజులు ఎక్కుతానని దాన్నెందుకు అమ్మటం? నేను మూలిగితే మూలిగాలే, నువ్వు పాట పెట్టుకో."

అమ్మడం కుదరకపోతే బాగుచేయడమన్నా కుదరాలిగా. నా పంతం నాది. ఆయన్ని గుంటూరు నుంచి ఇంటిదాకా ఒక్కసారైనా నొప్పి లేకుండా, నిద్రపోతూ తీసుకురావాలి. అప్పటికి నాకు దేవుడి దగ్గర అడగడానికి అంతకంటే పెద్ద కోరిక మిగల్లేదు. కిడ్నీల గురించి అడిగీ అడిగీ అలిసిపోయాను.

నాన్న ఆసుపత్రి మంచం మీద ఉన్న వేళ కారును ఆటోనగర్‌లో ఒక షాపుకి తీసుకెళ్ళాను. నేను చెప్పింది విని షాపు యజమాని నవ్వాడు. అతని దగ్గరికి ఇలాంటి కార్లు తెచ్చేవాళ్ళంతా కుర్రకారు. ఇంకా కిందికి దించమంటారు, ఇంకా పెద్ద చక్రాలు వెయ్యమంటారు. నేను వచ్చి చక్రాలు చిన్నవి వెయ్యమన్నాను. వాటికి మందపాటి టైర్లు, మెత్తటి స్ప్రింగులు, పైన మర తిప్పితే మెత్తగానో గట్టిగానో మారే షాకులు కావాలన్నాను. అరిగిన రబ్బరు బుష్షులు కూడా మొత్తం మార్చమన్నాను.

"సింహానికి పళ్ళు పీకమంటున్నారు మేడం" అన్నాడు.

"పీకండి. దానికి పళ్ళు లేకపోయినా నాకున్నాయిలెండి" అన్నాను. నాకు ముక్కు మీదే కోపం. అతను ఇక నవ్వలేదు.

పనంతా అయ్యాక, చక్రాల వంకర సరిచేసే వీల్ అలైన్‌మెంట్ దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. ఆ కారుకి సీట్లలో మనుషులంత బరువు పెట్టి అలైన్‌మెంట్ చెయ్యాలని కంపెనీ పుస్తకంలో ఉంది. చదివాను గనక నేను ఊరుకోను. "అవన్నీ ఫారిన్‌లో మేడం. ఇక్కడ ఎవరూ పెట్టరు" అంటాడతను. పెట్టి తీరాలంటాను నేను. చివరికి, "ముందు నేను కూర్చుంటా, వెనక మీ నాన్నగారిని తెచ్చి కూర్చోబెట్టండి మరి" అని విసుక్కున్నాడు.

ఆసుపత్రికి వెళ్ళి, సూదుల మధ్య పడుకున్న నాన్నకు ఈ గొడవ చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. యార్డులో తనతో కలిసి మోసిన తమ్ముడిలాంటి మనిషి ఒకాయన ఉన్నాడు. నేను బాబాయ్ అంటాను. కుడి చేత్తో ఫోన్ అందుకుని ఆయనకు చేశాడు.

"ఒరేయ్, ఒక టిక్కీ కావాల్రా. నా ఎత్తు బరువుండాల. కారులో నా బదులు కూర్చోటానికి."

అవతల బాబాయ్ ఏమన్నాడో గానీ నాన్న మంచం ఊగేలా నవ్వాడు. నర్సు వచ్చి కసిరింది.

మామూలుగా ఇసుక బస్తా పెడతారు. రాళ్ళు పెడతారు. ఎర్రటి మిరపకాయల టిక్కీని తెచ్చి తోలు సీట్లో కూర్చోబెట్టేది మా వాళ్ళొక్కరే. బాబాయ్ ట్రాలీ ఆటోలో తెచ్చి, వీపు మీద ఎత్తుకుని, వెనక సీట్లో ఎడమవైపు దించాడు. మిరపకాయలు తేలికగదా, నాన్నంత బరువు రావాలంటే ఎంత తొక్కి ఉంటాడో, బస్తా బండలా బిగుసుకుంది. దాన్ని సర్ది, సీటు బెల్టు కూడా పెట్టి, దూరంగా నిలబడి చూసుకున్నాడు.

"అచ్చం అన్నే కూర్చున్నట్టుందమ్మా. మాట్లాడదు, అంతే తేడా" అన్నాడు.

అలైన్‌మెంట్ యంత్రం తెర మీద కొలతలు కుదిరి, ఎర్ర అంకెలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. బస్తా దించారు. దాని దుమ్ము, ఘాటు మాత్రం సీట్లోనే ఉండిపోయాయి. నేను అది చూసుకోలేదు. ఆసుపత్రి దగ్గర నాన్న ఎక్కీ ఎక్కగానే తుమ్మాడు. ఆపకుండా తుమ్మాడు. యార్డులో మిగతావాళ్ళు ముక్కులకు తువ్వాలు కట్టుకుంటే, ఈయన ఒట్టి మొహంతో మోసేవాడట. అలాంటి మనిషి తుమ్ముతుంటే నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. అద్దాలు దించబోయాను.

"దించమాక. ఉండనీ. ఉప్పు లేదు, పచ్చడి లేదు, పండు లేదు అంటున్నారు. వాసనన్నా ఉండనీ" అన్నాడు. తర్వాత సీటును చేత్తో తడిమి, "నా బతుకంతా అది నా నెత్తిన కూర్చుంది. ఇయ్యాల నా సీట్లో కూడా కూర్చుంది" అన్నాడు.

ఆ రోజు చిలకలూరిపేట దాటకముందే నిద్రపోయాడు. వంతెన మీద కారు చిన్నగా లేచి, మెత్తగా దిగింది. "అబ్బ" వినపడలేదు. అలవాటైన చోట అలవాటైన మూలుగు లేకపోయేసరికి అద్దంలో వెనక్కి చూశాను. మరుసటి వంతెన దగ్గర మళ్ళీ చూశాను. ఎప్పుడు లేచాడో, కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"బతికే ఉన్నాలే. రోడ్డు చూడు" అని కసిరాడు.

ఆ తర్వాత నెమ్మదిగా నాకు ఆ నిశ్శబ్దం అలవాటైంది. అద్దంలోకి చూడడం తగ్గించాను. కారుకు మునుపటి చురుకు పోయింది, మలుపుల్లో గర్భిణిలా నడిచేది. నాకేమీ బాధ అనిపించలేదు. వెనక నుంచి సన్నగా గురక వినిపిస్తుంటే ఏ పాటా పెట్టుకోలేదు.

వానాకాలంలో నీళ్ళు నిండిన గుంతలో ఒక చక్రం దిగబడింది. అప్పట్నుంచి కారు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. కాలేజీ, ఆసుపత్రి, ఇల్లు ఇవన్నీ చూసుకోవడంతో తల ప్రాణం తోకకొచ్చి, ఇవాళ రేపు అంటూ మిరప కోతలదాకా నెట్టుకొచ్చాను. ఆ లోపల నాన్న చాలా తగ్గిపోయాడు. చొక్కాలు వేలాడేవి. సీటు బెల్టు పెడుతుంటే లోపల మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చేది.

మళ్ళీ అలైన్‌మెంట్ అనగానే నాన్నే బాబాయ్‌కి ఫోన్ చేశాడు. ఈసారి బాబాయ్ ముందు ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన కాసేపు నిలబడి, యార్డు కబుర్లు చెప్పి, నాన్న కాళ్ళ మీద దుప్పటి సర్ది వచ్చేశాడు. నాతోపాటు షాపుకొచ్చాడు. టిక్కీ ఆటోలోంచి దించి నేల మీద పెట్టాడు గానీ కారులోకి ఎత్తలేదు. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి బస్తా మూతి కుట్టు విప్పాడు. దోసిళ్ళతో కాయలు తీసి పక్కన పరిచిన పట్టా మీద పోయడం మొదలుపెట్టాడు.

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "చాలు బాబాయ్" అన్నాను.

"ఇంకొంచెం తియ్యాలమ్మా" అన్నాడు. నా మొహం చూడలేదు.

పట్టా మీద ఎర్రటి కుప్ప లేస్తుంటే, మా నాన్నలోంచి పోయిందంతా అక్కడ పోగుపడినట్టు అనిపించింది. అక్కడే ఏడ్చాను. షాపువాళ్ళు పనులాపి తలలు తిప్పుకున్నారు. సగం ఖాళీ అయిన బస్తా సీట్లో నిలబడలేక పక్కకు వాలిపోతుంటే, బాబాయ్ బెల్టు బిగించి నిలబెట్టాడు.

మధ్యాహ్నం నాన్నను ఎక్కించుకున్నాను. ఈసారి తుమ్మలేదు. సీటు మీద రాలిన తొడిమ ఒకటి వేళ్ళతో తీసుకున్నాడు.

"నిండుగానే తెచ్చాడా?" అని అడిగాడు.

"నిండుగానే నాన్నా."

"ఊఁ" అన్నాడు. "మూతి విప్పకుండా తొడిమ రాలదు తల్లీ." తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

ఆ రోజంత బాగా నేనెప్పుడూ కారు నడపలేదు. స్టీరింగు మీంచి చెయ్యి తీసినా కారు తిన్నగా పోతోంది. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఒక్కో వంతెనా వస్తోంది, పోతోంది. ఏ ఒక్క అతుకు దగ్గరా వెనక నుంచి చప్పుడు లేదు. గురక కూడా లేదు, బాగా గాఢంగా పట్టిందనుకున్నాను. నాకు గర్వంగా ఉంది. నేను కోరుకున్నదేదో చివరికి అయింది. మేదరమెట్ల మలుపు దగ్గర నెమ్మదిగా, ఎంతో నెమ్మదిగా తిప్పాను, ఆయనకు మెలకువ రాకూడదని.

ఇంటి ముందు ఆపి, "వచ్చేశాం నాన్నా" అన్నాను. తొడిమ ఇంకా వేళ్ళ మధ్యే ఉంది. బెల్టు ఆయన్ని నిటారుగా పట్టుకుని ఉంది.

డాక్టరు వచ్చి చూసి, పోయి చాలాసేపయిందన్నాడు. ఎక్కడ పోయాడని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూసి, అది చెప్పలేమమ్మా అన్నాడు. ఆ రోడ్డు మీద ప్రతి గుంతా నాకు తెలుసు. మా నాన్న ఏ ఊరు దగ్గర నన్ను వదిలి వెళ్ళిపోయాడో మాత్రం తెలియదు. మునుపటి రాయిలాంటి షాకులుంటే తెలిసేది. ఒక వంతెన దగ్గర మూలిగి, తర్వాత వంతెన దగ్గర మూలగకపోతే నేను అప్పుడే ఆపేదాన్ని. చెయ్యి పట్టుకునేదాన్ని. ఆ చప్పుడు భరించలేక నా చేతులతో నేనే దాన్ని తీసేయించుకున్నాను.

సమాధుల దొడ్లో పాస్టరు గారి ప్రార్థన అయ్యాక, మట్టి పోశాక, బాబాయ్ నా దగ్గరికొచ్చాడు.

"నిద్దట్లోనేగా అమ్మా?"

"నిద్దట్లోనే బాబాయ్."

"నొప్పి తెలిసుండదుగా?"

"తెలిసుండదు."

"మంచి బండి చేయించావమ్మా" అన్నాడు, నా తల మీద చెయ్యి పెట్టి. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మాట పట్టుకుని బతకాలని చాలా ప్రయత్నించాను.

పని మీద మొన్న మళ్ళీ గుంటూరు వెళ్ళాల్సి వచ్చింది. బయల్దేరేముందు షాకుల మీది మరలు నాలుగూ చివరంటా గట్టికి తిప్పాను. తిరుగు ప్రయాణంలో నాన్న పెద్దగా మూలిగే ఆ వంతెన వచ్చింది. వెనక బరువు లేని కారు ఎగిరి దబ్బున పడింది. ఖాళీ బెల్టు తలుపుకు కొట్టుకుంది. "అబ్బ" అన్నది నేనే. అలవాటుగా అద్దంలోకి చూశాను. చాలాసేపు చూశాను. రోడ్డు చూడమని ఎవరూ కసరలేదు.