నాన్న పొగతాగేవాడు కాదు

మా ఇంట్లో చుట్ట కాల్చేది అమ్మ. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, అడ్డపొగ పీలుస్తూనే అన్నం వార్చేది. నాన్న జన్మలో బీడీ కూడా ముట్టలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఒక డాక్టరుగారు దీన్ని పూర్తిగా తిరగేసి రాశారు.

అప్పటికి ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్నారు. నాన్న రేవు పక్కన ఇనుప ఖనిజం గుట్టలు పోసే యార్డులో కాంట్రాక్టు కూలీ. సాయంత్రం ఆయన చొక్కా నానబెడితే బకెట్లో నీళ్లు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా అయ్యేవి. ఆ చుట్టుపక్కలే పనిచేసే పర్మనెంటు వాళ్లకి ఆసుపత్రి పుస్తకం ఉండేది. పిల్లలకి జలుబు చేసినా దాంతో మందులొచ్చేవి. నాన్నకి ఉన్నది కూలీల్ని పనిలో పెట్టే మేస్త్రీ ఒక్కడే. దగ్గుతో పాటు నెత్తురు పడిన రోజున ఆ మేస్త్రీ ఒక చీటీ రాసిచ్చి, సీతమ్మధారలో కాంట్రాక్టరు మనుషుల్ని చూసే డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాడు.

నాకు పంతొమ్మిదేళ్లు. టైపు నేర్చుకుంటున్నాను. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి నన్నూ తీసుకెళ్లారు.

డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి చూశాడు. ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయన్నాడు. పాలు, గుడ్లు తినాలనీ, గాలి తగిలే గదిలో విశ్రాంతి తీసుకోవాలనీ మెత్తగానే చెప్పాడు. మా ఇంటికి కిటికీ ఒకటే. సముద్రపు గాలి యార్డు మీదుగా వచ్చి అందులోంచే దూరేది. ఆ గాలిని ఆపడానికే అమ్మ దానికి గోనెపట్టా కట్టింది. అదంతా ఆయనతో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

బస్టాపులో నిలబడి డాక్టరు రాసిచ్చిన కాగితం చదివాను.

"ఏటి రాసేడు?" అంది అమ్మ.

"చాలా ఏళ్లుగా పొగతాగే అలవాటు ఉందని. వెంటనే మానాలని."

"ఎవులికి?"

"నాన్నకి."

నాన్న అరుగు మీద చతికిలబడి ఉన్నాడు. "పోనీవే. మందులిచ్చేడు కదా. బస్సొస్తంది" అన్నాడు.

"మందులూ నీకే ఇచ్చేడు, తప్పూ నీకే ఇచ్చేడు. ఎనక్కి పద" అంది అమ్మ.

వచ్చిన బస్సు మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయింది.

క్లినిక్‌లో ఫ్యాను కింద కూర్చున్నవాళ్లు మా కాళ్ల వంక చూశారు. కాంపౌండరు అడ్డం వస్తున్నా ఆగకుండా అమ్మ నేరుగా లోపలికి నడిచింది. ఆమె వెనక మేమూ.

"బాబూ, మా ఇంటాయన సుట్ట కాలుస్తాడని మీకెవులు సెప్పేరు?"

డాక్టరు కోప్పడలేదు. చిన్నగా నవ్వాడు. "మీవాళ్లంతా కాలుస్తారు కదమ్మా."

అమ్మ రొంటిన దోపుకున్న చుట్ట తీసి ఆయన బల్ల మీద పరిచిన అద్దం మీద పెట్టింది.

"ఇది నాది. కాల్సేది నాను. కావాలంతే నా పేరున రాసుకోండి. ఆయన ముట్టనేదు. ఆయన మింగింది యార్డు దుమ్ము. అది రాయండి."

"దుమ్మని నేనెలా రాస్తాను? నేను చూశానా?"

"మరి పొగ సూసేరా?"

నిజం చెబుతాను, ఆ క్షణంలో నాకు సిగ్గేసింది. అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోదామనిపించింది. ఇప్పుడు ఆ సిగ్గుని తలుచుకుంటేనే నాకు సిగ్గు. పేదవాడికి జబ్బు చేస్తే ముందు వాడి అలవాట్లు వెతుకుతారు. ఏం తాగాడు, ఏం నమిలాడు, చేతులెందుకు కడుక్కోలేదు అని. వాడు ఎక్కడ పనిచేస్తాడని అడగరు. ఆ రోజు మా అమ్మ వాళ్లని అడిగేలా చేసింది. డాక్టరు మొదటిసారి నాన్న మొహంలోకి చూసి, "ఎన్నేళ్ల నుంచి చేస్తున్నావు?" అన్నాడు.

"పదకొండేళ్లండి."

ఆయన పాత మాట కొట్టేశాడు. పొగ అలవాటు లేదు, పదకొండేళ్లుగా ఖనిజం దుమ్ములో పని, అని రాసి సంతకం పెట్టాడు. మర్నాడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కార్బన్లు పెట్టి నేను దానికి మూడు నకళ్లు కొట్టాను.

అమ్మ ఈ కథంతా వీధి కుళాయి దగ్గర చెప్పింది. యార్డుకి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ వారంలోనే మేస్త్రీ మా ఇంటికొచ్చి, నాన్న పక్కన కూర్చున్నాడు.

"ఆ కాయితం నాకిచ్చెయ్ బావా. నీకు వాచ్‌మన్ పని ఇప్పిస్తాను. కూకుంతే సాలు."

ఎప్పుడూ ఊరుకోని అమ్మ అప్పుడు ఊరుకుంది. ఇంట్లో బియ్యం సంగతి ఆమెకి తెలుసు. నాన్నే అడిగాడు.

"ఏ గేటు కాడ బావా?"

"మన యార్డు గేటే."

నాన్న నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గాక తువ్వాలుతో నోరు తుడుచుకుని అన్నాడు: "ఇన్నాళ్లూ నిలబడి తిన్నాను దుమ్ము. ఇప్పుడు కూకోని తినమంతన్నావా? ఇవ్వను బావా."

మర్నాటి నుంచి యార్డులో పనికి ఆయన పేరు పిలవలేదు. అమ్మ చేపల రేవులో రొయ్యలు ఒలిచే పనికి వెళ్లింది. ఆ కాగితం నకలు జతచేసి, నష్టపరిహారం కోసం లేబర్ ఆఫీసులో మేము ఫిర్యాదు పెట్టాం. కాంట్రాక్టరు మనుషులు వాయిదా మీద వాయిదా అడిగారు. చివరికి మాకేమీ రాలేదు. అయితే యార్డు నుంచి మరో నలుగురు కూలీలు తమ భార్యల్ని వెంటబెట్టుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లారు. దుమ్ము అని రాసేదాకా కదల్లేదు.

రెండో ఏడు వానాకాలంలో నాన్న పోయాడు. సమాధుల తోటలో మా చర్చి పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడుతూ, ఇది దేవుని చిత్తమన్నారు.

"కాదు అయ్యగారూ," అంది అమ్మ, తడిసిన మట్టిలో నిలబడి. "దేవుడు ఆయన్ని బాగానే పుట్టించేడు."

బంధువులు ఆమె భుజం పట్టుకున్నారు. ఆమె విదిలించుకుంది. పాస్టరుగారు బైబిలు మూశారు. తర్వాత యార్డులో ఇంకా పనిచేస్తున్న మగవాళ్ల కోసం, వాళ్ల ఊపిరి కోసం ప్రార్థన చేశారు. దానికి అమ్మ గట్టిగా ఆమెన్ అంది.