పలకపొడితో తోమిన పళ్లు

నా పళ్లు ఎందుకు అరిగిపోయినాయో నాయనకు తెలియకూడదు. పోయినేడాది నేను పట్టిన పంతం అదొక్కటే. తెలిస్తే ఆయన తట్టుకోలేడు.

నా చిన్నప్పుడు నాయన మార్కాపురం దగ్గర పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బడిపిల్లల పలకలు కోసే మిషన్ కింద బూడిదరంగు పొడి రాలేది. దాన్ని పైట గుడ్డంత పల్చటి గుడ్డలో జల్లించి, తువ్వాల అంచున మూటకట్టి ఇంటికి తెచ్చేవాడు. దాంట్లో ఇంత ఉప్పు కలిపితే అదే నా పళ్లపొడి. నా ఒక్కదానికే. అవ్వ వేపపుల్ల నమిలేది, అమ్మ పిడక కాల్చిన కచ్చికతో తోముకునేది, నాయనకు ఎప్పుడూ కానుగ పుల్లే.

నాకే ఎందుకంటే, నా పళ్లు గారపళ్లు. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేటప్పుడే వాటి మీద గోధుమరంగు చారలు వచ్చినాయి. మా ఊరి బోరింగు నీళ్లలో ఫ్లోరైడు ఉందని అప్పుడెవరికి తెలుసు? బడిలో మగపిల్లోళ్లు నన్ను తుప్పుపళ్లదానా అని పిలిచేవాళ్లు. ఒకరోజు ఏడ్చుకుంటా ఇంటికొస్తే నాయన ఒంటికాలి మీద లేచినాడు. "ఎవడే నా బిడ్డను అట్ల అన్నది? తెల్లంగ మెరిపిస్తా, చూస్తా ఉండు" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే బండమీద కూర్చోబెట్టి, తన చూపుడువేలితో తనే తోమేవాడు. "ఈ అను... ఆ అను... ఇంకొంచెం తెరువమ్మా." పొడి గరగరా అనేది. పక్కన మేకపిల్లలు అరుస్తా ఉంటే, ఆయన వేలికి ఉన్న బీడీ వాసన, పొడిలోని ఉప్పదనం, చెంబులో చల్లటి నీళ్లు... ఎంత బాగుండేదో! పనికి పోయే మనిషి అంతసేపు నాకోసం గొంతుక్కూర్చునేవాడు. ఊళ్లో ఏ ఆడపిల్లకు ఉందా భోగం?

అవ్వ మాత్రం ఊరుకునేది కాదు. "పిల్లదాని నోట్లో రాళ్లు నూరుతావేందిరా? నేను సజ్జరొట్టె, ఎర్రగడ్డ తిని, బావినీళ్లు తాగి పెరిగినా. చూడు నా పళ్లు!" అని పటపటా శనగలు కొరికి చూపించేది. "నీకేం తెలుసు, ఊరికే ఉండు" అనేవాడు నాయన.

నేను ఇంకా తెలివిగలదాన్ని. బడినుంచి వచ్చేటప్పుడు పచ్చి చింతకాయలు ఉప్పూకారం అద్దుకొని పళ్లు పులిసేదాకా తినేదాన్ని. ఇంటికి రాగానే గార పోవాలని నాకు నేనే మళ్లీ పొడి పట్టించేదాన్ని. మా బర్రె పాలన్నీ పాలకేంద్రానికి పోయేవి. మాకు మిగిలేది టీనీళ్లే.

ఇప్పుడు గిద్దలూరు దగ్గర అంగన్‌వాడీలో పనిచేస్తన్నా. పొద్దున లేస్తే తల్లులకు రాగిజావ, గుడ్డు, ఆకుకూర అని చెప్పే నోరు నాది. ఆ నోట్లోకి పోయేది మాత్రం పరగడుపున రెండు గ్లాసుల టీ. ఏం బుద్ధో! ముందరి పళ్లు సగానికి అరిగి, చల్లనీళ్లు తగిలితే జివ్వున లాగుతా ఉంటే, ఎవరో చెప్పినారని మెడికల్ షాపులో క్యాల్షియం బిళ్లలు కొనుక్కొని నెలల తరబడి మింగినా. ఒక్క రవ్వ కూడా తగ్గలా.

చివరికి మార్కాపురంలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి పోయినా. నాయన కూడా వస్తానని బయలుదేరినాడు. పలకపొడి మీద నాకు అప్పటికే అనుమానం. ఆయన్ను బయట బల్లమీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి పోయినా.

"చిన్నప్పుడు దేంతో తోమినారు?" అని అడిగిందామె. చెప్పినా. ఆమె నా పళ్లను అద్దంతో ఇంకోసారి చూసింది. తర్వాత నిదానంగా చెప్పింది. ఆ గార పంటి మీద అంటుకున్నది కాదంట, పన్ను తయారయ్యేటప్పుడే నీళ్లతో లోపల పడిందంట. ఎంత తోమినా పోదు. తోమితే పోయింది పంటి పైనుండే గట్టిపొర. పులుపు తిన్న వెంటనే ఆ పొర మెత్తబడి ఉంటుంది, సరిగ్గా అప్పుడే రాతిపొడితో రుద్దినానంట.

"మరి బిళ్లలు?"

"పోయిన పొర బిళ్లలతో తిరిగి రాదమ్మా. ఎముకలకు అవసరమో కాదో పరీక్ష చేసి చెప్పాలి, ఊరికే మింగకూడదు. టీ తగ్గించు. చిగుళ్లు వాచి ఉన్నాయి, షుగర్ కూడా చూపించుకో."

బయటికొస్తే నాయన ఆత్రంగా లేచినాడు. "ఏమన్నది?"

"బోరింగు నీళ్లంట నాయనా. అంతే" అన్నా, ఆయన మొహం చూడకుండా.

సరేనన్నాడు. మా ఊరి బస్సెక్కినాం. పెద్దారవీడు దాటేదాకా తువ్వాల మడతపెట్టుకుంటా కూర్చున్నాడు. గండం గడిచిందిలే అనుకున్నా.

"చెల్లెలు కూడా ఆ నీళ్లే తాగింది గదమ్మా" అన్నాడు ఉన్నట్టుండి. నా చెల్లెలు నాకంటే ఆరేళ్లు చిన్నది. దానికి పళ్లొచ్చేనాటికి నాయన పలకల పని మానేసినాడు. "దానికీ గార ఉంది. పళ్లు మాత్రం అరగలా. దాని నోట్లో నేను వేలు పెట్టలేదు."

నేను కిటికీ వైపు తిరిగినా.

"నొస్తాదా అమ్మా?"

ఇన్నేళ్లూ ఎప్పుడడిగినా లేదనే చెప్పినా. ఆ పూట చెప్పలేకపోయినా. "నొస్తాది నాయనా. చల్లనీళ్లు తగిలితే ప్రాణం పోతాది."

ఆయన ఏడ్చినాడు. బస్సులో అంతమంది ముందర, తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చినాడు. "ఏంది నాయనా ఇది, అందరూ చూస్తన్నారు" అని కసిరినా. కసురుతానే నాకూ ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నా.

"అట్ల కూర్చోబెట్టుకొని నన్ను ఇంకెవరు చూసుకున్నారు నాయనా? మళ్లా పుట్టినా నీ ముందరే నోరు తెరుస్తా" అన్నా.

ఆయన ఇంకా ఎక్కువ ఏడ్చినాడు.