గట్టి స్ప్రింగుల మీద అక్క

కొత్త స్ప్రింగులు వేయించిన రోజు నుంచి నా నోరు ఊరుకోలేదు. చిక్కడపల్లిలో మేం రోజూ చాయ్ తాగే హోటల్ దగ్గర నిలబడితే చాలు, ఎవరూ అడగకపోయినా మొదలుపెట్టేవాణ్ని. ఫోర్ వీల్ డ్రైవ్ బండి. కంపెనీ వాళ్లు వేసిన స్ప్రింగులు పీకించి, పొడవాటి గట్టివి వేయించాను. షాక్ అబ్జార్బర్లు కూడా లావుపాటివి. ఇప్పుడు బండి కింద నుంచి మా గేటు కాడి కుక్క తల వంచకుండా దూరిపోతుంది. "గుట్టలెక్కుతది అన్నా, వాగులు దాటుతది" అని చెప్పేవాణ్ని. నిజానికి నేను రోజూ ఎక్కే గుట్ట మా వీధి స్పీడ్ బ్రేకరే. ఇక వాగంటారా, గట్టి వాన పడితే లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర దొరుకుతుంది.

స్ప్రింగులు బిగించిన షాపాయన ముందే చెప్పాడు. "ఇవి గుట్టలల్ల తిరిగేటోళ్లకు అన్నా. ఎనక సామాను నిండ ఉంటే మంచిగ కూసుంటయి. ఖాళీగ తిప్పితే జర ఎగిరేస్తది." నా చెవికి గుట్టలు ఒక్కటే ఎక్కాయి.

ఈ వానాకాలంలో అక్కకు వెన్ను ఆపరేషన్ అయింది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగీ తిరిగీ దాని నడుము అరిగిపోయిందని అమ్మ నన్ను ఆట పట్టిస్తుంది. నారాయణగూడ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ ఒకటికి రెండుసార్లు చెప్పారు, కుట్లు మానేదాకా నడుముకు కుదుపు తగలకూడదని. బావ క్యాబ్ కోసం ఫోన్ తీశాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది.

"నా బండి ఉండంగ క్యాబ్ ఏంది బావా?"

బావ అక్క వైపు చూశాడు. "పోనియ్యి, తమ్ముడు ముచ్చటపడుతుండు" అంది అక్క.

ఎక్కడం దగ్గరే కష్టం మొదలైంది. అంత ఎత్తుకు ఆమె కాలు లేవలేదు. వాచ్‌మన్ కూర్చునే స్టూలు అడిగి తెచ్చి, చెరో వైపు పట్టుకుని ఎక్కించాం. నాకు అప్పుడైనా బుద్ధి రావాల్సింది.

మెల్లగానే తోలాను. అయినా లాభం లేకపోయింది. ముగ్గురు మనుషుల బరువు ఆ స్ప్రింగులకు ఒక లెక్క కాదు, అవి నొక్కుకోనే లేదు. పైపుల కోసం తవ్వి, సరిగ్గా పూడ్చకుండా వదిలేసిన రోడ్డు అది. గుంత ఎంత ఉందో అంతా సీటులోకి వచ్చింది. అక్క పైన హ్యాండిల్ పట్టుకుని కళ్లు మూసుకుంది. "ఏం కాలే, పోనియ్" అంటూనే ఉంది. అద్దంలో చూస్తే చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"ఆపు. పక్కకు ఆపు ఇగ" అన్నాడు బావ. నా మీద ఏనాడూ గొంతు పెంచని మనిషి.

ఆపిన చోటు సరిగ్గా మా చాయ్ హోటల్ ముందు. బావ పిలిచిన క్యాబ్ వచ్చింది, పాతబడిన చిన్న కారు. దింపుదామంటే, అందరూ నిలబడి తాగే హోటల్, ఇక్కడ స్టూలు లేదు. నేను రోడ్డు మీద మోకాలు ఆనించి కూర్చుంటే, అక్క నా తొడ మీద కాలు పెట్టి దిగింది. చాయ్ గ్లాసులు పట్టుకున్న వాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు.

"ఏమైంది అన్నా, బండి ఆగిపోయిందా?" అని ఒకాయన అడిగాడు.

"ఆ, ఏదో బెల్టు ప్రాబ్లం" అన్నాను. ఆ మాట అన్నవాణ్నే, ఆయన కళ్ల ముందే బండి స్టార్ట్ చేసి క్యాబ్ వెనక పోయాను. తల కొట్టేసినట్టయింది. ముందు ఆ చిన్న కారు ప్రతి గుంతలోనూ మెత్తగా దిగి, మెత్తగా లేస్తోంది. అశోక్ నగర్ దాకా దాన్నే చూస్తూ తోలాను.

ఇంటి గేటు దగ్గర అమ్మ దిష్టి తీయడానికి ఎర్రనీళ్ల పళ్లెంతో నిలబడి ఉంది. "గదేందే, తమ్ముని బండిల వస్తనంటివి?" అని అక్కను అడిగింది.

వెనకే బండి ఆపిన నేను చెవులు రిక్కించాను.

"నేనే దిగిన అమ్మా. గంత ఎత్తుల కూసుంటే కండ్లు తిరిగినయి. వాడు మంచిగనే తోలిండు" అంది అక్క. నడుము మీద చెయ్యి మాత్రం తీయలేదు. బావ తల వంచుకున్నాడు.

అమ్మ అక్కకు దిష్టి తీసింది. తీసి అక్కడితో ఆగిందా? పళ్లెం పట్టుకుని నా బండి ముందుకు వచ్చింది. "అందరి కండ్లు దీని మీదనే ఉన్నయి బిడ్డా" అంటూ బానెట్ ముందు తిప్పి, ఎర్రనీళ్లు ముందు చక్రం దగ్గర పోసింది. దిగడానికి నాకు ముఖం చెల్లలేదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను.

మా ఇల్లు మొదటి అంతస్తు, లిఫ్టు లేదు. అక్క మెట్ల దగ్గరికి పోయి ఆగింది. నడుము తిప్పకూడదు కాబట్టి వెనక్కి చూడకుండానే పిలిచింది.

"తమ్మీ, రా. చెయ్యి పట్టు. నువ్వు పట్టుకుంటేనే ఎక్కుత."

దిగి వెళ్లి పట్టుకున్నాను. ఆమె ఎక్కుదామన్నప్పుడే ఒక్కో మెట్టూ ఎక్కాను. పైదాకా ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.