తాళాలామె నా కోసం కాచుకున్న రోజు

దుబాయ్ దగ్గరి ఫుజైరాలో ఒక క్లినిక్‌లో నర్సుగా చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం బాత్రూంలోకి వెళ్లాను. పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది, మూత్రం మాత్రం రాలేదు. బయట ఎవరో తాళాలగుత్తి కదిపారు. అంతే, ఒళ్లంతా చెమటలు పట్టాయి.

డ్యూటీలో ఆపుకోవడం నర్సులకు అలవాటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇన్ఫెక్షన్ అనుకుని నేనే మాత్రలు మింగాను, నీళ్లు తాగడం తగ్గించాను. రోగులకు చెప్పేదానికి పూర్తిగా తలకిందులు. చివరికి చలిజ్వరంతో పడిపోతే, నా రూమ్మేట్ షమీమక్క ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆమెది నెల్లూరు, బ్యూటీపార్లర్‌లో పని.

స్కాన్ చూసి యూరాలజిస్ట్ "రిటెన్షన్. మూత్రం లోపలే నిలిచిపోతోంది, వాపు కిడ్నీల దాకా వెళ్లింది" అన్నారు. మూత్రం బయటికి తీసే గొట్టం, కేథటర్ వేశారు. టెస్టులన్నీ అయ్యాక, "నరాలు బాగానే ఉన్నాయి సిస్టర్. మీరు ఎవరికి భయపడుతున్నారు?" అని అడిగారు.

చెప్పాను. ఇక్కడికి రాకముందు నేను పనిచేసిన దేశంలో యుద్ధం వచ్చింది. సాయుధులు మా ఆసుపత్రి మీద, ఊరి మీద పడి ఆడవాళ్లను ఒక బడిలో బంధించారు. కాపలాకి ఒక ఆడమనిషి. తాళాలామె అనేవాళ్లం. మరుగుదొడ్డికి వెళ్లాలంటే ఆమె ముందు చేతులు కట్టుకుని అడగాలి. బుద్ధిపుడితే పంపేది, లేకపోతే రబ్బరు గొట్టంతో కొట్టేది. పంపినా తలుపు తెరిచి ఉంచి, నవ్వుతూ చూసేది. నా పక్కన పడుకునే హలీమా ఆ ఊరి టీచరమ్మ. బట్టలు తడుపుకుందని తాళాలామె ఆమెను ఎండలో నిలబెట్టింది. హలీమా జ్వరంతో అక్కడే చనిపోయింది. తర్వాత విదేశీయులను వదిలేసినప్పుడు నేను బయటపడ్డాను.

కేథటర్ తీశాక ఫిజియోథెరపిస్ట్ బ్లాడర్ ట్రైనింగ్ ఇచ్చారు, మూత్రానికి వేళలు అలవాటు చేయడానికి. ఫోన్‌లో అలారం మోగగానే వెళ్లాలి. ఆ మోత వింటే తాళాలామె ఆజ్ఞలాగే ఉండేది. మళ్లీ బిగుసుకుంది, మళ్లీ కేథటర్.

"ఖలాస్, ఆ అలారం తీసెయ్ మే" అంది షమీమక్క. "నీకనిపించినప్పుడే పో. గడియ నువ్వే పెట్టుకో, నువ్వే తీసుకో. తలుపు కాడ నేనుంటా. ఎవరొస్తారో చూస్తా!"

ఫిజియోథెరపిస్ట్ కూడా సరేనన్నారు. మెల్లగా దారికొచ్చింది.

అప్పుడే, ఆ బడిలో బందీలుగా ఉన్నవాళ్ల తరఫున పనిచేసే ఒక లాయరమ్మ ఫోన్ చేసింది. తాళాలామె వేరే దేశంలో శరణార్థినని చెప్పుకుని దాక్కుని, దొరికిపోయిందట. అక్కడి కోర్టుకు నేను వీడియోలో సాక్ష్యం చెప్పాలి. "ఒత్తిడైతే మళ్లీ ఆగిపోవచ్చు, కేథటర్ శాశ్వతం కావచ్చు" అన్నారు డాక్టర్. క్షమించెయ్యమన్నారు మా చర్చిలో వాళ్లు. నేను క్షమించలేదు. క్షమించను కూడా.

దుబాయ్‌లో లాయరమ్మ ఆఫీసులో కూర్చున్నాను. తెర మీద కోర్టు, అందులో తాళాలామె, అటూ ఇటూ పోలీసులు. చేతిలో తాళాల్లేవు. సాక్ష్యం మధ్యలో నాకు వెళ్లాలనిపించింది. చేతులు కట్టుకోలేదు. "బాత్రూంకి వెళ్లొస్తాను" అన్నాను. జడ్జి తలూపారు.

గడియ నేనే పెట్టుకున్నాను. మూత్రం ధారగా వచ్చింది. తీరిగ్గా చేతులు కడుక్కున్నాను, జడ విప్పి మళ్లీ అల్లుకున్నాను. వచ్చేసరికి అందరూ నా కోసం ఎదురుచూస్తున్నారు, తాళాలామెతో సహా. ఎంత హాయిగా ఉందో! అప్పుడు హలీమా పేరు చెప్పాను. తాళాలామె తల దించుకునేదాకా చెబుతూనే ఉన్నాను.

తీర్పు ఇంకా రాలేదు. నా కిడ్నీలు బాగున్నాయి, డ్యూటీ చేస్తున్నాను. మీకూ ఇలా మూత్రం ఆగిపోతుంటే సొంతంగా మాత్రలు మింగకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లి, మీ ఒంటికి ఏం జరిగిందో చెప్పండి. ఎవరు చేశారో అదీ చెప్పండి.