బొగ్గు కన్నా నల్లని గ్రహం

లక్సెట్టిపేట గోదారిలో మోకాళ్ళ లోతు దిగి, దోసిట్లో నీళ్ళు పట్టుకుని ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఈ ఎండల్లో గోదారిలో మోకాళ్ళ లోతు నీళ్ళెక్కడివని నన్నెరిగినవాళ్ళు అడుగుతారు. అది వేరే సంగతి.

మొన్న మా మేనకోడలు ఫోనులో ఒక బొమ్మ పంపింది. మన సూర్యుడి చుట్టూ కాక, ఎక్కడో మరో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహమట, ఊదారంగు మబ్బులతో మహా అందంగా ఉంది. నా కళ్ళు మాత్రం బొమ్మ మీద నిలవక, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ‘ఊహాచిత్రం’ అనే మాట దగ్గరే ఆగిపోయాయి, ఎందుకంటే ఒకప్పుడు నా పరువు కాపాడింది ఆ మాటే.

అప్పట్లో నేను బొగ్గుబాయి కాలనీలో, అంటే గని కార్మికుల ఇళ్ళ మధ్య, దుకాణాలకు బోర్డులు రాసేవాణ్ణి. మా అక్క అక్కడి బడిలో సైన్సు టీచరు. పుస్తకంలో ఉన్న గ్రహాలు పిల్లలకు ఎలాగూ నోటికి వచ్చు, పుస్తకంలో లేనివి కూడా చూపించాలని ఆమె పట్టుదల. మూణ్ణెల్ల ఆదివారాలు కూర్చుని కొలతలన్నీ సేకరించి, రోడ్డు వైపు ప్రహరీగోడ మీద ఆ గ్రహాలన్నీ వేయమని నన్ను పిలిచింది. కొలతలు అక్కవే, కానీ కుంచె నాది కదా, ఊరుకుంటానా? ఒక గ్రహం మీద సుల్తానాబాద్ వరిపొలాలను గట్లతో సహా దించాను. ఇద్దరు సూర్యులున్న గ్రహాన్ని వేస్తుంటే, కూరగాయల గంప దించి చూసిన ఒక ముసలమ్మ, “గీ ఒక్క ఎండకే సస్తున్నం కొడుకా, రెండెందుకు!” అని తిట్టి పోయింది.

అయినా కాలనీవాళ్ళు అన్నిటినీ నమ్మారు. నమ్మనిది ఒక్కటే, నేను ఏమీ కల్పించకుండా వేసిన నల్లటి గ్రహం. తన మీద పడ్డ వెలుగును దాదాపుగా మింగేసే గ్రహమొకటి ఉందని, బొగ్గు కన్నా నల్లనిదని అక్క చెబితే డబ్బాడు నల్లరంగు ఒంపాను. మా నాయన, మేం బాపు అంటాం, ముప్పై ఏళ్ళు బాయి దిగి రిటైరైన మనిషి. గోడ ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

“నీ నోట్లె నిజమెప్పుడన్న పుట్టిందారా? బొగ్గు కన్న నల్లటిదట! నలుపంటే ఏందో నాకే చెప్తున్నవా?”

కాలనీ మొత్తం బాపు వైపే. మాట హెడ్మాస్టరు దాకా పోయింది. గ్రహాల మీద చిన్న చిన్న సినిమాలు తీసి జనానికి చూపించే మేడం ఒకావిడ హైదరాబాదు నుంచి రాబోతోందని, ఆమె గనక తప్పంటే గోడకు సున్నం కొట్టిస్తానని, ఇక మీదట అక్క ఇలాంటి పనుల జోలికి రాకూడదని ఆయన తేల్చేశాడు. “తమ్మీ, గా వరిపొలమన్న జర చెరిపెయ్యరాదుర” అని అక్క బతిమాలింది. నాకు చేతులు రాలేదు. ఆ పాపం నాదే.

మేడం వచ్చిన రోజు గోడ పక్కన సున్నం బకెట్లు సిద్ధంగా ఉన్నాయి. ఆమె ఒక్కో బొమ్మా చూస్తూ వచ్చి, వరిపొలం దగ్గర ఆగింది. అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

“ఈ గట్లు బాగున్నాయండీ,” అని మేడం నవ్వింది. “మేమూ చేసేది ఇదే. వీటిని దగ్గరికి పోయి చూసినవాళ్ళెవరూ లేరు. కొలతలు దొరికినంతవరకు నిజం, ఆ పైన ఊహ. కాకపోతే మేం ఆ మాట బొమ్మ కింద రాస్తాం. మీరు రాయలేదు, అంతే.” తర్వాత నల్లగ్రహం వైపు తిరిగి, “దీని పక్కన పెడితే బొగ్గే తెల్లగా కనిపిస్తుంది. ఇది మండిపోయే గ్రహం, కొంచెం నిప్పు ఎరుపు కలపండి,” అంది.

ఆ మాటతో నేను వదిలిన ఊపిరికి సున్నం బకెట్లు పొర్లి ఉండాలి. అంతలో ఆమె, అంత నల్లనిది ఉందని ఎలా తెలిసిందని పిల్లల్ని అడిగింది. గుంపు వెనక నుంచి బాపు ముందుకొచ్చాడు.

“నేను చెప్త బిడ్డా. బాయిల దూరంగ ఎవల్దో టోపీ లైటు కనవడ్తది. నడుమల నుంచి ఎవడన్న పోతే మనిషి కనవడడు, లైటు జర తగ్గుతది. ఎవడో అడ్డం పోయిండని ఎర్కైతది. గ్రహం గూడ దాని సూర్యునికి గట్లనే అడ్డం పోతది, గంతే గదా?”

“అంతే తాతా!” అని మేడం చప్పట్లు కొట్టింది.

సున్నం బడి మెట్లకు పోయింది. నేను ప్రతి బొమ్మ కిందా ‘ఊహాచిత్రం’ అని రాసుకుంటూ పోయాను. పుట్టి బుద్ధెరిగాక నా కోతలకు దొరికిన మొదటి లైసెన్సు అది.

ఇప్పుడు ఆ బాయి మూసేశారు. బొగ్గంతా పైనుంచే తవ్వుతున్నారు. గ్రహాలు పిల్లల అరచేతిలోనే రంగులు మారుస్తూ తిరుగుతున్నాయి, సంతోషమే. కానీ లైటు జర తగ్గితే ఎవరో అడ్డం పోయారని తెలుసుకునేంత చీకట్లో నడిచినవాళ్ళు మన కాలనీల్లో ఇంకెందరున్నారు? బాపు కూడా లేడు.

ఇక ఒప్పుకోవలసినది ఒకటుంది. ఆ రోజు బాపు రానే లేదు, మొండిగా ఇంట్లోనే కూర్చున్నాడు. మేడం ప్రశ్నకు జవాబు చెప్పింది అక్క. టోపీ లైటు మాట మరునాడు నేను ఎరుపు పూస్తుంటే, బాపు వచ్చి నా ఒక్కడితో చెప్పాడు. చెప్పి, “నిజమే చెప్పినవ్ రా,” అని పోయాడు. ఆ ఒప్పుకోలు నలుగురిలో వినాలని ఉండి ఆయన్ను నేనే ఈ కథలోకి తీసుకొచ్చి గుంపులో నిలబెట్టాను. దీని కింద కూడా ఆ ఒక్క మాట రాసుకోండి, చీమ తలకాయంత అక్షరాలైతే చాలు.