పేరు కప్పిన ఎక్స్‌రే

2022 వర్షాకాలం. బళ్ళారిలో ఒక ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తూ, రేడియోగ్రాఫర్ కోర్సు విద్యార్థులకు క్లినికల్ ట్రైనింగ్ ఇచ్చేవాణ్ణి. అంటే రోగిని ఎలా నిలబెట్టాలి, ఎంత ఎక్స్‌పోజర్ ఇవ్వాలి, వచ్చిన చిత్రం సరిగ్గా ఉందా లేదా అన్నవి దగ్గరుండి చేయించి నేర్పడం.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక, ఆరోజు తీసినవాటిలో ఒక ఎక్స్‌రేను మానిటర్ మీద పెట్టేవాణ్ణి. రోగి ఎవరో విద్యార్థులకు తెలియకూడదు కాబట్టి పేరున్న మూల మీద ప్లాస్టర్ ముక్క అతికించేవాణ్ణి. చేతికి అలవాటైపోయింది. ఆ పేరు నేనూ చదివేవాణ్ణి కాదు.

ఆరోజు పెట్టింది ఛాతీ ఎక్స్‌రే. ఉదయం మరో టెక్నీషియన్ తీశాడు. ఎవరు చెబుతారని అడిగితే నాగవేణి ముందుకొచ్చింది. దగ్గర్లోని కూరెకుప్ప ఊరి పిల్ల. తండ్రి బేల్దారి పని చేసి, గోడలు కట్టి చదివిస్తున్నాడు. పొద్దుటి నుంచి సీటీ స్కాన్ గదిలో ఉండి అప్పుడే వచ్చింది.

"కుడి పక్క పైన మాస్ ఉండాది సార్, గడ్డ. ఈడ పక్కటెముక కూడా తినేసింది. క్యాన్సరే అనిపిస్తాంది."

"ఇంకా?"

"శానా ఆలస్యంగా వచ్చినాడు సార్ ఈయప్ప. ఇంట్లోవాళ్ళు ఇన్నాళ్ళూ ఏం చేస్తాండారో!"

"సరిగ్గా చెప్పావు" అన్నాను.

"ఏమే డాక్టరమ్మా, బోర్డు యాడ పెడతావు?" అంది వెనక నుంచి ఇంకో అమ్మాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిల్మ్ ప్రింట్ ఇవ్వమని నాగవేణికే చెప్పాను. ప్రింట్‌కు ముందు పేరు, వయసు సరిచూడాలి. ఆమె ప్లాస్టర్ పీకి, పేరు మీద వేలు పెట్టింది.

"మా నాయన సార్."

ఆయన వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కూతురికి పరీక్షలు దగ్గరపడ్డాయని చెప్పకుండా వచ్చాడట. నాగవేణి కళ్ళు తుడుచుకుని బయటికి నడిచింది. వెనకే నేను.

"దొరికిపోతినే! దగ్గుకి ఫోటో తీయించుకోమన్నారు, అంతేలేమ్మా. నువ్వు చూస్తివా? ఏముండాది?"

ఎక్స్‌రేలో ఏముందో రోగికి చెప్పాల్సింది డాక్టరే, మేం కాదు. ఆ నియమం మొదటి వారంలోనే నేర్పాను. ఆమె నా వైపు చూసింది.

"నాకింకా చూసేది రాదు నాయనా. డాక్టర్ సార్ చెప్తాడు, పదా."

"రెండేండ్లు సదివి ఇదేనా నేర్చుకునింది?" అని ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వు దగ్గుగా మారింది. ఆమె ఆయన వీపు నిమురుతూ ఉండిపోయింది.

ఆయన తర్వాతి ఉగాది చూడలేదు.

ఎక్స్‌రే చూసిన ఆ వారమే, ఆదివారం చర్చిలో రోగుల కోసం పేరు పేరునా ప్రార్థిస్తుంటే, నేను పాఠం చెప్పిన ఎక్స్‌రేల్లో ఒక్క పేరూ గుర్తురాలేదు. ప్రతి మనిషినీ దేవుడు పేరుతో ఎరుగునని సంఘంలో ఏళ్ళుగా బోధించినవాణ్ణి. నాగవేణిని క్షమించమని అడిగితే, "మీకు తెలీదు కదా సార్" అంది. తెలుసుకోవలసింది నేనే.

పేరు కప్పడం తప్పు కాదు. కప్పేముందు నేను చదవకపోవడం తప్పు. ఇప్పుడు పేరు చదివి, ఊరు కనుక్కుని, ఆ మనిషి కోసం ప్రభువుతో ఒక మాట చెప్పుకున్నాకే పాఠం మొదలుపెడతాను. గడ్డ ఎక్కడుందో పిల్లలకు ఒక మధ్యాహ్నంలో చూపించగలను. అది తెలిసీ, ఆ మనిషి ఎదుట ఏమీ తెలియనట్టు ఎలా నిలబడాలో నేర్పేంత చదువు నాకు ఈనాటికీ లేదు.